మీ అణువు ప్రొటీన్‌ను ఎక్కడ పట్టుకోవాలి?

పోయిన జనవరిలో హబ్సిగూడలో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ ఇంకా రాలేదు. ఎం.ఫార్మసీ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది. తెర మీద ఏబీఎల్ కినేజ్ (ఒక రకం రక్త క్యాన్సర్‌ను నడిపించే ఎంజైము), దాని పాకెట్‌లో, అంటే మందు కూర్చునే గుంటలో, తను గీసిన అణువు, పక్కన డాకింగ్ స్కోరు మైనస్ 11.4. అణువు ఎంత గట్టిగా పట్టుకుంటుందో కంప్యూటరు వేసే అంచనా అది, ఎంత మైనస్ అయితే అంత మేలు. "సార్, ఇమాటినిబ్ కన్నా మంచి స్కోరు వచ్చింది. సింథసిస్ మొదలుపెట్టేయనా? మా సీనియర్లేమో అక్రిలమైడ్ తగిలించి కోవాలెంట్ చెయ్, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది అంటున్నారు" అంది. ఇమాటినిబ్ అంటే ఏబీఎల్‌ను ఆపే పేరున్న మందు. కోవాలెంట్ అంటే ప్రొటీన్‌కు రసాయన బంధంతో అతుక్కుపోవడం, ఆ బంధం వేసే గ్రూపే అక్రిలమైడ్.

తార్నాక నుంచి, బాలానగర్ నుంచి, గచ్చిబౌలి నుంచి ఏటా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న తెస్తారు. శామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పిందంతా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఇది అణువులు తయారుచేసేవాళ్ల కోసం. ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే ఏ మాత్ర వేసుకోవాలన్నది వాళ్ల మ్యుటేషన్ రిపోర్టు చూసి డాక్టరుగారు తేల్చాల్సిందే.

నేను చెప్పేది ఒకటే. ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న లెక్కకన్నా ముందు, ఎక్కడ పట్టుకుంటుంది, అక్కడ ఎవరితో పోటీ పడాలి, ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే ఆ పట్టు ఎక్కడ జారుతుంది అని చూడండి. దారి ఎంచుకోవాల్సింది దాన్ని బట్టి.

స్కోరు ఎంతవరకు నమ్మాలి

చిన్న లెక్కతో మొదలుపెడదాం. గది ఉష్ణోగ్రత దగ్గర బంధన శక్తిలో 1.4 కిలోకేలరీల తేడా వస్తే పట్టు పదిరెట్లు మారుతుంది. డాకింగ్ స్కోర్లు రెండు కిలోకేలరీలు అటూఇటూ తప్పడం మామూలే. అంటే పాతిక ముప్ఫై రెట్ల పొరపాటుకు చోటుందన్నమాట. మైనస్ 11.4కీ మైనస్ 10.6కీ మధ్య తేడా చూసి ఒక అణువును ముందుకు, ఒకదాన్ని వెనక్కు తోసేస్తే ఆ నిర్ణయానికి ఆధారమే లేదు.

పైగా పాకెట్ ఖాళీగా ఉండదు. నీటి అణువులతో నిండి ఉంటుంది. మీ అణువు లోపలికి వెళ్లాలంటే ఆ నీళ్లు బయటికి రావాలి, మీ అణువును చుట్టుకున్న నీళ్లూ విడిపోవాలి. తెర మీద చుక్కల గీతగా కనిపించే హైడ్రోజన్ బంధం అంతకుముందు నీటితో ఉన్న బంధాన్ని తెంచుకుని వచ్చింది కాబట్టి నికరంగా మిగిలే లాభం తక్కువ. నీటికి నచ్చని భాగం నీటికి నచ్చని గుంటలో సరిగ్గా ఒదిగినప్పుడే అసలు బలం వస్తుంది.

అణువు ఏ వైపు తిరిగి కూర్చుంటుందన్నది మరో చిక్కు. దీనికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పనికి సంబంధించిన మంచి ఉదాహరణే ఉంది. ఆయన బృందం అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1947లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు చికిత్స మొదలుపెట్టాడు. దానికి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. ఫోలిక్ యాసిడ్ పక్కన పెట్టి చూస్తే తేడా రెండు చిన్న మార్పులే. ఎవరైనా ఏమనుకుంటారు, ఎంజైములో రెండూ ఒకేలా కూర్చుంటాయనేగా? ఆ ఎంజైము పేరు డీహెచ్ఎఫ్ఆర్, దాని స్ఫటికాలను ఎక్స్‌రేలో చూస్తే మెథోట్రెక్సేట్ టెరిడిన్ వలయం సహజమైన ఫోలేట్‌తో పోలిస్తే 180 డిగ్రీలు తిరగబడి ఉంది. పోలిక చూసి భంగిమ ఊహించకూడదని నాకు బుర్రకెక్కింది ఈ ఒక్క బొమ్మతోనే.

ఏటీపీ పాకెట్: దగ్గరి దారి, రద్దీ దారి

మనిషి శరీరంలో ఐదువందలకు పైగా కినేజులున్నాయి. కినేజ్ పని ఏటీపీ అనే శక్తి అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే అణువుకు తగిలించడం. దాదాపు అన్నీ ఏటీపీని వాడుకునేవే కాబట్టి వాటికి ఏటీపీ కూర్చునే గుంట ఉంది. రెండు లోబులను కలిపే హింజ్ దగ్గర ఒకటి రెండు హైడ్రోజన్ బంధాలు వేసే చదునైన వలయం ఒకటి గీస్తే చాలు, ఏదో ఒక కినేజ్‌కు అంటుకుంటుంది. కొత్తవాళ్లకు ఈ దారే సులువు. స్ఫటిక నిర్మాణాలు బోలెడు, అస్సే (పరీక్ష) కిట్లు దొరుకుతాయి, సింథసిస్ కూడా తెలిసిన రసాయనమే.

ఇబ్బందల్లా పోటీతోనే. కణంలో ఏటీపీ 1 నుంచి 5 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. ఇది పుస్తకంలో చదివి దాటేసే సంగతి కాదని నాకు నా సొంత కాంపౌండే నేర్పింది. అప్పట్లో ఒక కాంపౌండ్‌కు ఐసీ50 (ఎంజైము పనిని సగానికి తగ్గించే మోతాదు) 20 నానోమోలార్ వచ్చిందని సంబరపడ్డాను. కణాల మీద వేస్తే రెండు మైక్రోమోలార్ దాటితేగానీ కదలిక లేదు. కాంపౌండ్ కణంలోకి పోవడం లేదనుకుని నాలుగు నెలలు పొర దాటించే మార్పులు చేస్తూ పోయాను. చివరికి అస్సే షీటు మళ్లీ తీసి చూస్తే అందులో వాడిన ఏటీపీ పది మైక్రోమోలార్. ఆ కినేజ్‌కు ఏటీపీ కేఎం, అంటే ఎంజైము సగం వేగంతో నడిచే ఏటీపీ మోతాదు, కూడా పదే. అంటే ఏటీపీ పోటీ లేనప్పటి అసలు పట్టు, కేఐ, పది నానోమోలార్. దాన్నే రెండు మిల్లీమోలార్ ఏటీపీకి లెక్కగడితే రెండువందల రెట్లు పెరిగి రెండు మైక్రోమోలార్ అవుతుంది. కణాల్లో వచ్చిన అంకె అచ్చంగా అదే. కాంపౌండ్ లోపలికి బాగానే పోతోంది, ఏటీపీ గుంపులో దానికి చోటు దొరకడం లేదు. ఆ నాలుగు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఐసీ50 ఎవరు చెప్పినా ఏటీపీ ఎంతలో కొలిచారో అడగకుండా ఊరుకోకండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే కినేజ్ కథంతా ఈ పోటీ మీదే నడిచింది. ఎల్858ఆర్ మ్యుటేషన్ (858వ స్థానంలో ల్యూసిన్ బదులు ఆర్జినిన్) వచ్చిన ఈజీఎఫ్ఆర్ ఏటీపీని వదులుగా పట్టుకుంటుంది కాబట్టి జెఫిటినిబ్ అనే మందు దాని మీద బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత టీ790ఎం వస్తుంది, అంటే 790వ స్థానంలో థ్రియోనిన్ పోయి మెథియోనిన్ చేరుతుంది. లావుపాటి మెథియోనిన్ అడ్డు నిలబడి మందును రానివ్వడం లేదని చాలాకాలం అనుకున్నారు. 2008లో కొలిచి చూస్తే తేలిందేమిటంటే, మందు ఇంకా బాగానే అంటుతోంది, ఏటీపీ మీద పట్టు మళ్లీ బిగిసింది. పోటీదారు బలపడ్డాడు, అంతే.

లోపలి గుంట: ఇమాటినిబ్ దారి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కినేజ్ పనిచేస్తున్నప్పుడు డీఎఫ్‌జీ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్క లోపలి వైపు ఉంటుంది. కినేజ్ విశ్రాంతిలో ఉన్నప్పుడు అది బయటికి తిరగబడవచ్చు. అప్పుడు ఏటీపీ గుంట వెనకాల మరో గది తెరుచుకుంటుంది. ఇమాటినిబ్ ఒక కొసతో హింజ్‌ను పట్టుకుని, మధ్యలో థ్రియోనిన్ 315ను దాటి, రెండో కొసను ఈ వెనక గదిలోకి చాపుతుంది. మొత్తం ఆరు హైడ్రోజన్ బంధాలు. 2001 మేలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది.

దీని నిర్మాణంలో రెండు ముక్కలు చూడండి. మధ్య బెంజీన్ వలయం మీద ఒక చిన్న మిథైల్ గ్రూపు ఉంది. అది పెట్టాక అణువు ఒక వైపే వంగి నిలబడక తప్పలేదు, దాంతో ప్రొటీన్ కినేజ్ సీ మీద పట్టు పోయింది. ఒక్క కార్బన్‌తో ఎంపిక గుణం వచ్చింది. ఇక కొసన ఉన్న ఎన్-మిథైల్ పైపరజీన్‌ను మొదట తగిలించింది నీళ్లలో కరగడానికి. స్ఫటికం వచ్చాక చూస్తే అది కూడా ఊరికే లేదు, ఐసోల్యూసిన్ 360తో, హిస్టిడిన్ 361తో బంధాలు కట్టి కూర్చుంది.

డాకింగ్ చేసేవాళ్లు ఈ దారిలో చేసే పెద్ద తప్పును చాయ్ వచ్చేలోపు ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనే చూపించాను. ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీలో 1ఐఈపీ అంటే ఇమాటినిబ్‌తో ఉన్న ఏబీఎల్. 2జీక్యూజీ అంటే డసాటినిబ్ అనే మరో మందుతో ఉన్న ఏబీఎల్, అందులో కినేజ్ పనిచేసే భంగిమలో ఉంది. ఆ అమ్మాయి తీసుకున్నది 2జీక్యూజీ. "ఇందులో ఇమాటినిబ్‌నే డాక్ చెయ్యమ్మా" అన్నాను. చేసింది. వెనక గది మూసుకుపోయి ఉంది కాబట్టి ఇమాటినిబ్ కొస లోపలికి దూరలేక పక్కకు మడతపడి వేలాడింది, స్కోరు నేలకు జారింది. తన అణువు "ఇమాటినిబ్ కన్నా మేలు" అనిపించింది అందుకే. ఇమాటినిబ్‌ను దానికి సరిపడని ఇంట్లో కూర్చోబెట్టి పోల్చుకుంది. 1ఐఈపీ తెచ్చి మళ్లీ చేస్తే తెర మీద భంగిమ స్ఫటికంలో ఉన్నదాని మీద దాదాపు పడుకుంది. అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో "ముందు తెలిసిన మందును తెలిసిన నిర్మాణంలో పెట్టి చూడాలి" అని రాసుకుంది.

ఈ దారిలో మందు నుంచి ప్రొటీన్ తప్పించుకునే ద్వారం కూడా అందరికీ తెలిసిందే. థ్రియోనిన్ 315 గేట్‌కీపర్, అంటే వెనక గది గుమ్మం దగ్గరి కాపలాదారు. అది ఐసోల్యూసిన్‌గా మారితే ఇమాటినిబ్‌కు ఒక హైడ్రోజన్ బంధం పోతుంది, పైగా దారికి అడ్డంగా లావు పక్కగొలుసు వస్తుంది. డసాటినిబ్ ఇమాటినిబ్ కన్నా వందల రెట్లు గట్టిది, అయినా ఈ మార్పు, టీ315ఐ, ముందు అదీ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అదీ ఆ థ్రియోనిన్‌నే ఆనుకుంది. గట్టితనం వేరు, చోటు వేరు అని నేను మొత్తుకునేది ఇందుకే. పొనాటినిబ్ చేసినవాళ్లు అక్కడ సన్నని కార్బన్ త్రిబంధం పెట్టి ఐసోల్యూసిన్ పక్కనుంచి జారిపోయేలా చేశారు. 2012లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే రక్తనాళాలు మూసుకుపోతున్నాయని అమెరికాలో అమ్మకాలు కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. అది చాలా కినేజులను పట్టుకునే మందు. అడ్డంకి దాటినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

ఇదే కుటుంబానికి చెందిన సోరాఫెనిబ్‌కు మన ఊరితో చుట్టరికం ఉంది. 2012 మార్చిలో దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసే అనుమతి) హైదరాబాద్ కంపెనీ నాట్కోకు వచ్చింది ఈ మందుకే. నెలకు 2,80,428 రూపాయలున్నది 8,880 రూపాయలకు అమ్మాలన్నారు. వెనక గదిలో కూర్చునే అణువులు మన పారిశ్రామికవాడల్లో కిలోల లెక్కన తయారయ్యాయి కాబట్టి ఈ రసాయనం తెలిసిన పెద్దవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వెతికి పట్టుకుని అడగండి, చెప్తారు.

కోవాలెంట్: సిస్టీన్ ఉంటేనే

సీనియర్ల సలహా సంగతికి వద్దాం. అక్రిలమైడ్ అంటించడం తేలిక. అది బంధం వేయడానికి సరైన దూరంలో సిస్టీన్, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లం, ఉందా? ఏబీఎల్ ఏటీపీ గుంట అంచున ఈజీఎఫ్ఆర్‌లో 797 దగ్గర ఉన్నట్టు సిస్టీన్ లేదు. లేని కొక్కేనికి తాడు విసిరి లాభమేముంది?

ఉన్నచోట మాత్రం ఇది చాలా శక్తివంతమైన దారి. ఇబ్రుటినిబ్ అనే మందు బీటీకే అనే కినేజ్‌లో సిస్టీన్ 481కి, ఒసిమెర్టినిబ్ అనే మందు ఈజీఎఫ్ఆర్‌లో సిస్టీన్ 797కి శాశ్వతంగా అంటుకుంటాయి. ఒకసారి బంధం పడ్డాక ఏటీపీ ఎంతున్నా దాన్ని తోసేయలేదు. కణం కొత్త ప్రొటీన్ తయారుచేసుకునేదాకా ఆ పని ఆగినట్టే. టీ790ఎంతో బలపడిన ఏటీపీని ఒసిమెర్టినిబ్ ఓడించింది ఇలాగే.

బంధం రెండు మెట్లలో పడుతుంది. ముందు అణువు మామూలుగా పాకెట్‌లో కూర్చోవాలి, తర్వాత వార్‌హెడ్ (అక్రిలమైడ్ లాంటి బంధం వేసే గ్రూపు) సిస్టీన్‌తో కలవాలి. ఎంపిక గుణం ఎక్కువగా మొదటి మెట్టులోంచే వస్తుంది. మొదటి మెట్టు బలహీనంగా ఉంచి వార్‌హెడ్‌ను మరీ చురుకుగా చేస్తే, కణంలో మిల్లీమోలార్ల కొద్దీ ఉండే గ్లూటాథయోన్ అనే గంధకపు అణువు దాన్ని దారిలోనే తినేస్తుంది, మిగిలింది కనపడ్డ ప్రతి సిస్టీన్‌కూ అంటుకుంటుంది. ఈజీఎఫ్ఆర్ 797 స్థానంలోనే సిస్టీన్ ఉన్న కినేజులు పది దాకా ఉన్నాయి, బీటీకే వాటిలో ఒకటి. ఇబ్రుటినిబ్ ఈజీఎఫ్ఆర్‌నూ తాకేది అందుకే. వీటిని ఐసీ50తో పోల్చవద్దు. పదిహేను నిమిషాలు ఉంచితే ఒక అంకె, రెండు గంటలు ఉంచితే మరో అంకె వస్తుంది. కే-ఇనాక్ట్‌ను (బంధం పడే వేగం) కేఐతో (మొదటి మెట్టు పట్టు) భాగించిన విలువ కొలిచే వీలు లేకపోతే ఈ దారి ఎంచుకోకపోవడమే మంచిది.

ఇక్కడ తప్పించుకునే ద్వారం ఇంకా చిన్నది. సిస్టీన్ సెరీన్ అయితే చాలు, గంధకం పోయి ఆక్సిజన్ వస్తుంది, కొక్కెం మాయం. సీ797ఎస్, సీ481ఎస్ రెండూ రోగుల్లో కనిపించాయి. అప్పుడు మళ్లీ అంటుకోకుండా పట్టుకునే మందే దిక్కు. బీటీకేకు 2023 జనవరిలో అనుమతి పొందిన పిర్టోబ్రుటినిబ్ అలాంటిదే.

ఇదే దారిలో నన్ను కదిలించిన విజయం కేరాస్ అనే క్యాన్సర్ ప్రొటీన్ మీద వచ్చింది. ఇది ఏటీపీ లాంటి మరో అణువైన జీటీపీని పికోమోలార్ స్థాయిలో పట్టుకుంటుంది. కణంలో జీటీపీకి కొదవ లేదు, ఆ గుంటలో పోటీ పడటం అనవసరం. వేరే గుంట కనపడలేదు. దశాబ్దాలపాటు దీన్ని మందుకు లొంగని ప్రొటీన్ల లెక్కలో రాసేశారు. జీ12సీ మ్యుటేషన్‌లో గ్లైసిన్ పోయి సిస్టీన్ వస్తుంది. క్యాన్సరే కొక్కెం తెచ్చిపెట్టింది, ఆరోగ్యంగా ఉన్న కణాల్లో అది లేదు. 2013లో అమెరికా శాస్త్రవేత్త కెవన్ షొకాట్ బృందం ఆ సిస్టీన్‌ను పట్టుకునే అణువులు వెతికితే, పక్కనే అంతవరకు ఎవరికీ కనపడని స్విచ్-2 గుంట తెరుచుకుంది. ఎనిమిదేళ్లకు, 2021 మేలో, సోటోరాసిబ్ అనే మందు మందుల షాపుకు చేరింది.

అల్లోస్టెరిక్: పక్క గుమ్మం

అల్లోస్టెరిక్ అంటే పని జరిగే గుంటలో కాకుండా వేరే చోట పట్టుకుని ప్రొటీన్‌ను ఆపడం. ఏబీఎల్ దగ్గరికే మళ్లీ వెళ్దాం. మామూలు ఏబీఎల్ మొదటి కొసన మిరిస్టేట్ అనే కొవ్వు గొలుసు ఉంటుంది. అది వెనక్కి మడిచి సొంత గుంటలో కూర్చుని కినేజ్‌ను అదుపులో పెడుతుంది. లుకేమియాలో బీసీఆర్ అనే మరో ప్రొటీన్‌తో అతుక్కున్నప్పుడు ఆ కొస తెగిపోతుంది, అదుపు తప్పుతుంది. అసిమినిబ్ అనే మందు ఆ ఖాళీ గుంటలో మిరిస్టేట్ బదులు కూర్చుంటుంది. 2021 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఏటీపీతో పోటీ లేదు, మిగతా కినేజుల్లో ఇలాంటి గుంట దాదాపు లేదు కాబట్టి ఎంపిక గుణం గొప్పది. టీ315ఐ ఉన్నా పెద్ద మోతాదులో పనిచేస్తుంది. తప్పించుకునే మ్యుటేషన్లు దీనికీ ఉన్నాయి, అవి మిరిస్టేట్ గుంటలో వస్తాయి. ఒక మందును తప్పించుకున్న ప్రొటీన్ రెండోదానికి దొరుకుతుందన్నమాట.

మరి అందరం ఇదే చేయొచ్చుగా? గుంట ఉందని ముందు తెలియాలి, ఉన్నా అక్కడ పట్టుకుంటే పని ఆగుతుందని రుజువు కావాలి. దానికి ప్రొటీన్ తయారీ, స్ఫటికాలు, ఎన్ఎంఆర్ అన్నీ ఒకచోట కావాలి. పీహెచ్‌డీకి బ్రహ్మాండమైన పని. రెండు సెమిస్టర్ల ప్రాజెక్టుకు బరువు.

ప్రొటీన్‌నే కూల్చే డిగ్రేడర్ల గురించి కూడా అడుగుతుంటారు. లెనాలిడోమైడ్ అనే మందు సెరెబ్లాన్‌కు (ప్రొటీన్లకు కూల్చమనే గుర్తు వేయించే ప్రొటీన్) అంటుకుని ఇకారోస్, అయొలోస్ అనే ప్రొటీన్లను దాని దగ్గరికి లాగి నాశనం చేయిస్తుంది. పనిని ఆపే గుంటే దొరకని ప్రొటీన్‌కు ఇది మంచి ఆలోచన. ఒక కొసతో లక్ష్య ప్రొటీన్‌ను, రెండో కొసతో సెరెబ్లాన్ లాంటిదాన్ని పట్టుకునే ప్రోటాక్ అణువులు మాత్రం మాత్రగా మింగే మందులకు హద్దుగా చెప్పే 500 డాల్టన్ల గీతను ఎప్పుడో దాటిపోతాయి, మోతాదు ఎక్కువైతే రెండు కొసలూ వేర్వేరు ప్రొటీన్లను పట్టుకుని ప్రభావం తగ్గుతుంది. మొదటి ప్రాజెక్టుగా తీసుకోవద్దనే చెప్తాను.

ఎవరికి ఏది

ఎనిమిది నెలలే ఉండి చేతిలో కంప్యూటరు, ఫ్యూమ్ హుడ్ మాత్రమే ఉంటే ఏబీఎల్ గానీ ఈజీఎఫ్ఆర్ గానీ తీసుకోండి. వాటి మీద ఏటీపీ పాకెట్ దారిలోనో ఇమాటినిబ్ దారిలోనో తెలిసిన అణువులో ఒక్క చోట మాత్రమే మార్చి ఏడెనిమిది కాంపౌండ్లు చేయండి. వాటిని మామూలు ప్రొటీన్ మీదా, గేట్‌కీపర్ మారిన ప్రొటీన్ మీదా పరీక్షించండి. ఒకే అంకె కన్నా ఆ రెండు అంకెల నిష్పత్తి మీకు చాలా చెప్తుంది.

ప్రొటీన్‌లో మంచి చోట సిస్టీన్ ఉండి, మాస్ స్పెక్ట్రోమెట్రీ అందుబాటులో ఉండి, కాలాన్ని బట్టి కొలవగల అస్సే ఉంటే కోవాలెంట్‌కు వెళ్లండి. పక్కన వార్‌హెడ్ లేని జంట అణువును తప్పకుండా చేయండి, అక్రిలమైడ్ బదులు ప్రొపియోనమైడ్ పెట్టి. రెండూ ఒకేలా పనిచేస్తే బంధం పడనట్టే.

మందు ఎంతసేపు కూర్చుంటుందో కూడా వీలైతే కొలవండి. ఈజీఎఫ్ఆర్ మీద లపాటినిబ్ ఐదు గంటల సగం-సమయంతో నెమ్మదిగా వదులుతుంది, జెఫిటినిబ్ పది నిమిషాల్లోపే వదిలేస్తుంది.

ఆ అమ్మాయి చివరికి అక్రిలమైడ్ ఆలోచన మానుకుంది. తన అణువును 1ఐఈపీలో పెట్టి చూస్తే థ్రియోనిన్ 315ను అసలు తాకకుండానే వెనక గదిలోకి వెళ్తున్నట్టు కనిపించింది. డాకింగ్ మాట కాబట్టి నేను తొందరపడలేదు. మొన్న మార్చిలో ఫోన్ చేసి, "సార్, మూడు కాంపౌండ్లు శుద్ధి అయ్యాయి, టీ315ఐ ప్రొటీన్ కూడా తెప్పించాం, అస్సేలో ఏటీపీ ఎంత పెట్టమంటారు?" అని అడిగింది. ఒక మిల్లీమోలార్ పెట్టమన్నాను.